‘మౌత్ సగీర్’లో రాతప్రతి కథ అవసరమా?

అత్తరుసీసా: ముహమ్మద్ హసన్ అల్వాన్ నవల ‘మౌత్ సగీర్’ (చిన్న చావు) 2017లో అరబిక్ బుకర్ గెలిచింది. అందులో రెండు పాయలున్నాయి. ఒకటి, సూఫీ ఇబ్న్ అరబీ ‘నేను’ అంటూ చెప్పుకునే బతుకు: 1165లో స్పెయిన్‌లోని ముర్సియాలో పుట్టుక నుంచి 1240లో డమాస్కస్‌లో చావు దాకా. రెండోది, ఆయన రాసిపెట్టిన ఆ కథ చేతులు మారుతూ మన కాలానికి చేరడం. ఈ రెండోది దండగ. ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త మనుషులు. మొహాలు గుర్తుపట్టేలోపే అధ్యాయం అయిపోతుంది. ఆ అధ్యాయాలు వదిలేసి చదివి చూడండి, మొదటి కథలో ఒక్క ముడీ ఊడదు.

మూడోగట్టు: ముడి ఊడదు, ఒప్పుకుంటా. కానీ ‘నేను’ అనేవాడు తన చావు తర్వాత సంగతి చెప్పలేడు కదండీ. ఈయన విషయంలో తర్వాతదే సగం కథ. కొందరు కాఫిరన్నారు, కొందరు షేక్ అల్ అక్బర్ (మహాగురువు) అన్నారు. డమాస్కస్ గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ సలీం ఆయన సమాధి దగ్గర మసీదే కట్టించాడు. ఇదంతా మోయడానికి ఇంకో గొంతు కావాలి.

తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ శవాన్ని మొరాకోలోని మర్రకేష్ నుంచి స్పెయిన్‌లోని కార్డోబాకి తెచ్చినప్పుడు పశువు మీద ఒకపక్క శవపేటిక, బరువు సరిపోవడానికి రెండోపక్క ఆయన పుస్తకాలు కట్టారట. ఇబ్న్ అరబీ కళ్లారా చూసి తన పెద్ద గ్రంథం ‘ఫుతూహాత్’లో రాశాడు. నవల కట్టుబడి కూడా అదే: ఒకపక్క మనిషి, ఒకపక్క పుస్తకం.

అత్తరుసీసా: పోలిక బాగుంది. అయితే కావడి సంగతి తెలుసుగా, రెండు బుట్టలూ తూగాలి. ఇక్కడ పుస్తకం పక్క తేలిక. తూకం కోసం రాయి పెట్టినట్టుంది. పైగా అసలు ‘ఫుతూహాత్’ స్వహస్త ప్రతి, 37 సంపుటాలు, శిష్యుడు సద్రుద్దీన్ చేతికి వచ్చి టర్కీలోని కొన్యాలో నిలిచింది, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. అన్ని శతాబ్దాలకి అంత తక్కువ తిరుగుడు! నవలలోది నాటకీయత కోసం పెట్టిన పరుగు.

సిరాబుడ్డి: మీరిద్దరూ రాతప్రతి దగ్గరే ఆగిపోయారు. నా లెక్కలో తేడా కొట్టింది మొదటి పాయలో. ‘ఫుతూహాత్’ 560 అధ్యాయాల్లో ఆయన జ్ఞాపకాలు కాలక్రమంలో రావు. శాస్త్రచర్చ నడుస్తుండగా హఠాత్తుగా ఒక ఊరు, ఒక మనిషి తగులుతారు. 15వ అధ్యాయమే తీసుకోండి. గడ్డం మీసం రాని కుర్రాడు ఇబ్న్ రుష్ద్‌ని కలుస్తాడు. ముందు ‘అవును’ అంటాడు, పెద్దాయన మొహం వెలుగుతుంది. వెంటనే ‘కాదు’ అంటాడు, ఆ మొహం పాలిపోతుంది. కొన్ని వాక్యాలు దాటగానే, మూడోగట్టు గారు చెప్పిన ఆ శవపేటిక. మధ్యలో సుమారు ఇరవై ఏళ్లు మాయం. అల్వాన్ ఈ బతుకుని దాదాపు పుట్టిన వరసలోనే సాగదీశాడు. అలా చెబితే ఆ ‘కాదు’కీ ఆ శవపేటికకీ మధ్య ఊళ్లూ ప్రయాణాలూ వచ్చిపడతాయి, రెండూ ఒకదాన్నొకటి తాకవు.

మూడోగట్టు: మరి ఆ గెంతులే రాతప్రతి అధ్యాయాలకి ఇచ్చాడేమో. మొదటి పాయలో లేని గెంతు అక్కడే ఉంది.

సిరాబుడ్డి: ఉంది, కానీ గెంతేది పుస్తకం. గెంతాల్సింది ఆయన మనసు.