రేగడి బాటలో పికప్‌కు ఒక చక్రమే తిరుగుతోంది, డిఫరెన్షియల్ మార్పించాలా?

పుట్లూరు తోట:

అన్నలందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా పుట్లూరు వైపు. ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఐదేళ్ల కిందట పికప్ తీసుకున్నా, వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గేర్లే ఇంజను బలాన్ని ఆ రెండు చక్రాలకూ పంచుతాయి. మా కాయలతో పాటు చుట్టుపక్కల నాలుగు తోటల కాయలు అనంతపురం యార్డుకు నేనే తోలుతా.

తారు రోడ్డు దిగాక తోటకు ముప్పావు కిలోమీటరు బండ్లబాట. చాలా వరకు గరుసు నేలే, ఇబ్బంది లేదు. వంక దాటాక నలభై అడుగుల రేగడి ఉంది చూడండి, బాధంతా అక్కడే. పోయిన సెప్టెంబరులో రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారుజామున ఐదింటికి టన్నున్నర కాయతో బయలుదేరితే ఎడమ వెనక చక్రం గాడిలోకి జారింది. ఫస్ట్ గేరులో ఎంత తొక్కినా ఎడమ చక్రమే గిరగిరా తిరుగుతోంది. టార్చి వేసుకుని దిగి చూశా. ఎడమ టైరు గాళ్లన్నీ బంకమట్టితో పూడిపోయి రోడ్డు రోలరు మాదిరి నున్నగా ఉంది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉంది, కానీ అంగుళం కదల్లేదు. ఆ టైరు అంచుకు అంటుకున్న చీనీ ఆకు అలాగే ఉంది.

ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చి లాగింది. యార్డుకు చేరేసరికి వేలం అయిపోయింది. పక్క తోట పెద్దాయన కాయ కూడా అదే లోడులో ఉంది. ఆయన ఒక్క మాట అనలేదు, దాంతో నాకు ఇంకా బాధేసింది.

ఇప్పుడు ఒక షెడ్డులో రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ వేయించమంటున్నారు. ఇంకో షెడ్డులో ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రమే మరీ జారకుండా కొంతవరకు ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) అంటున్నారు. మూడో ఆయన డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేర్లు వెల్డింగ్ కొట్టేస్తే తక్కువలో పోతుందంటున్నాడు. వారానికి నాలుగు రోజులు తారు మీద లోడుతో పోయే బండి ఇది. ఏది చేయించాలి?

ఆదోని పత్తి బండి:

అన్నా, వెల్డింగ్ జోలికి మాత్రం పోవద్దు. నేను చేయించి అనుభవించా. మాదీ నల్లరేగడే, పత్తి తోలే కాలంలో బండి దిగబడుతోందని పాత పికప్‌కు స్టార్ గేర్లు అతికించేయించా. చేలో చక్కగా లాగింది, కాదనను. కానీ తారు మీద మలుపు తిరిగిన ప్రతిసారీ లోపలి టైరు కీచుమంటూ ఈడ్చుకుంటూ వచ్చేది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. రెండూ కలిపి బిగించేస్తే ఏదో ఒకటి జారక తప్పదు కదా. కొత్త టైర్లు ఆరు నెలలు కూడా రాలేదు. చివరికి ఒకరోజు లోడుతో యార్డు గేటు దగ్గర తిప్పుతుంటే టప్ మని శబ్దం వచ్చింది. కుడి యాక్సిల్ షాఫ్ట్ మెలి తిరిగి తెగింది. అదే ఏ ఘాట్ రోడ్డులోనో జరిగి ఉంటే ఏమయ్యేదో. నాకు చేసిన మేస్త్రి ఇవేవీ ముందు చెప్పలేదు. అందుకే చెప్తున్నా.

కడప యాక్సిల్ మేస్త్రి:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లకు పైగా వెనక యాక్సిళ్లు విప్పి కడుతున్నా. ముందు ఆ చీనీ ఆకు ఎందుకు కదల్లేదో చెప్తా. అది అర్థమైతే ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే బలం పంచుతుంది. చాలామంది బలమంతా తిరిగే చక్రానికి పోతుందనుకుంటారు. అది తప్పు. బురదలో ఉన్న చక్రం 20 పాళ్ల బలం మాత్రమే ఓర్చుకుంటుందనుకో, అంతకు మించితే జారిపోతుంది. గట్టి నేల మీది చక్రం 100 ఓర్చుకోగలదు. అయినా దానికి అందేది 20 మాత్రమే. రెండూ కలిపి 40. బండి కదలాలంటే 80 కావాలి. నువ్వు ఎంత తొక్కినా ఆ 40 పెరగదు, గుంత మాత్రం లోతు అవుతుంది. అదే రెండు షాఫ్టులూ లాక్ అయితే 20, 100 కలిపి 120. బండి లేచి వస్తుంది. మీ ట్రాక్టరులో మడమ కింద ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడల్ చేసే పని ఇదే.

హ్యాండ్ బ్రేకు మూడు పళ్లు లాగి తొక్కమని కొందరు డ్రైవర్లు చెప్తారు. దాన్ని నమ్ముకోవద్దు. బ్రేకు రెండు వైపులా ఒకేలా పడుతుంది కాబట్టి కుడి చక్రానికి అదనంగా వచ్చిన బలాన్ని ఆ వైపు బ్రేకే తినేస్తుంది. కొత్త కార్లలో జారే చక్రాన్ని ఒక్కదాన్నే పట్టుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది, అది వేరే సంగతి.

ఇక నీ ప్రశ్న. ఎల్‌ఎస్‌డీల్లో గేర్లతో పనిచేసే రకం ఉంది. అది బురద చక్రం ఓర్చుకున్నదానికి రెండు మూడింతలు అవతలి చక్రానికి పంపుతుంది. వాన తడి రోడ్డుకు బాగుంటుంది. కానీ ఒక చక్రం గాలిలోకి లేస్తే సున్నాకు మూడింతలైనా సున్నానే. క్లచ్ ప్లేట్ల రకానికి ఆ ఇబ్బంది కొంత తక్కువ, కానీ ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్‌లో ప్రత్యేకమైన మందు కలపాలి. నీ రేగడి గాడికి ఈ రెండూ పూర్తి జవాబు కావు.

నీకు పనికొచ్చేది లాకరే. స్విచ్‌తో వేసేవి ఉన్నాయి, గాలితో కొన్ని, కరెంటుతో కొన్ని. టయోటా హైలక్స్ పికప్‌కు కరెంటుది కంపెనీ నుంచే వస్తుంది. గాలి రకానికి చిన్న కంప్రెసర్, పైపు, లీకులు చూసుకోవడం అన్నీ ఉంటాయి. ఇంకోటి తనంతట తానే పడే మెకానికల్ లాక్. 2015 నుంచి మహీంద్రా థార్ జీపులో వచ్చిన ఈటన్ వాళ్లది ఆ రకమే. రెండు చక్రాల వేగానికి మధ్య తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే లోపల చిన్న బరువులు విచ్చుకుని లాక్ పడుతుంది. గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటితే పడదు. తారు మీద మామూలు డిఫరెన్షియల్ లాగానే తిరుగుతుంది. రోజూ లోడుతో రోడ్డెక్కే బండికి నా ఓటు దీనికే. ఒకటే జాగ్రత్త, జారుతున్నప్పుడు గట్టిగా తొక్కితే లాక్ దెబ్బ కొట్టినట్టు పడుతుంది, షాఫ్టులకు మంచిది కాదు. నిదానంగా తొక్కాలి.

అయితే ఏది పడితే అది సరిపోదు. షాఫ్ట్ పళ్ల లెక్క, క్రౌన్ బోల్టులు, బేరింగు సైజు, గేర్ రేషియో నీ యాక్సిల్‌కు కలవాలి. బిగింపు ఇంకా ముఖ్యం. పెద్ద గేరు క్రౌన్‌కూ దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కూ మధ్య ప్లే (సందు) ఎంతో డయల్ గేజ్ పెట్టి కొలవాలి. మామూలుగా మిల్లీమీటరులో ఐదో వంతు అటూఇటూ ఉంటుంది, మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెనే పాటించాలి. పళ్లకు నీలిరంగు పూసి తిప్పితే అచ్చు పంటికి మధ్యలో పడాలి. పంటి చివరన పడితే షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మళ్లీ చూడాలి. చేత్తో ఊపి సరిపోయింది అనే మేస్త్రి దగ్గర చేయించొద్దు. వెయ్యి కిలోమీటర్లకే ఊళ మొదలవుతుంది.

కొనేముందు ఒక పని చెయ్. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, బండి గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. ఇంజను ఆపే ఉండాలి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పి రెండోది ఎటు తిరుగుతుందో చూడు. టైర్లు ఏ స్థితిలో ఉన్నాయో కూడా రాయి.

పుట్లూరు తోట:

అన్నా, నిన్న సాయంత్రం మా తమ్ముడిని పట్టుకుని చేశా. కుడిది ముందుకు తిప్పితే ఎడమది వెనక్కి తిరిగింది.

టైర్ల సంగతి చెప్పడానికి మొహమాటంగా ఉంది. వెనక రెండూ ముందు చక్రాల్లాగే గీతల టైర్లు, ఎడమదానికి గాడి లోతు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఖాళీ బండి అయినా లోడు బండి అయినా గాలి 60 పెట్టించడం అలవాటు.

కడప యాక్సిల్ మేస్త్రి:

ఎడమది వెనక్కి తిరిగిందంటే వెల్డింగు గానీ బిగుసుకుపోయిన లాకు గానీ లేదు, మామూలు డిఫరెన్షియల్ లాగానే తిరుగుతోంది. మొదట వెనక చక్రాలు రెండింటికీ మట్టల టైర్లు (ఎత్తుగా దిమ్మెలుండేవి) వేయించు, ఒకే కంపెనీ, ఒకే సైజు. మట్టల మధ్య ఎడం ఎక్కువుంటే తిరిగేటప్పుడు బంకమట్టి విదిలించుకుంటుంది. ఖాళీగా తోటకు వచ్చేటప్పుడు గాలి 35 దాకా దించు, టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. లోడు ఎక్కించేముందు మళ్లీ నింపాలి, బరువు మీద గాలి తక్కువుంటే టైరు పక్కలు చీలిపోతాయి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న పంపు ఉంచుకో. గుండు టైర్లతో లాకర్ వేసుంటే రెండు చక్రాలూ కలిసి జారేవి. వంక గట్టు ఏటవాలులో అయితే బండి వెనకభాగం పక్కకు జారి వంకలోకే దిగేది.

పుట్లూరు తోట:

రెండు నెలలకు మళ్లీ రాస్తున్నా. వెనక మట్టల టైర్లు వేయించా. ఆ నలభై అడుగులకు నాలుగు తోటల వాళ్లం కలిసి ఆరు ట్రాక్టర్ల గరుసు తోలించాం. ఎవరూ కాదనలేదు, పెద్దాయన రెండు ట్రాక్టర్లకు తనే ఇచ్చాడు. పోయిన వారం వానలో రెండుసార్లు లోడుతో దాటా. ఒకసారి ఎడమది కొంచెం జారింది కానీ ఆగలేదు.

లాకర్ ఆలోచన మానలేదన్నా. తోట లోపలి వరుసల మధ్య ఇంకా రేగడే ఉంది, అక్కడ గరుసు వేయలేం. యాక్సిల్ మీది నంబరు ప్లేటు ఫోటో తీసి పెట్టుకున్నా. ఈ కోత డబ్బులు వచ్చాక బండి కడపకే తెస్తా. డయల్ గేజ్ పెట్టేటప్పుడు నేను పక్కనే ఉండి చూస్తా.