చైనా మెజీషియన్ మీద నాటిక: తేదీలు కలవట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

నాటికల పిచ్చి
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి తొమ్మిదింటికి లాప్‌టాప్ ముందు కూర్చున్నా, లేచేసరికి మూడున్నర. ఒక్క ముక్క తేలలేదు. వాడెవిల్ (పాటలు, ఆటలు, మేజిక్ అన్నీ కలిపి వేసే స్టేజీ షోలు) రోజుల్లో పెద్ద పేరున్న ఆ చైనా మెజీషియన్ మీద నాటిక రాస్తున్నా. స్క్రిప్టు పరిషత్తుకి శనివారం లోపు చేరాలి. ఒక చోట 1918లో స్టేజీ మీదే తుపాకీ గుండు తగిలి పోయాడని ఉంది. ఇంకో చోట 1922 దాకా బతికాడని ఉంది. 1905 జనవరిలో లండన్‌లో రెండు వేర్వేరు హాళ్లలో ఒకే వారం ఆడుతున్నాడట, అదెలా కుదురుతుంది? చైనాలో ఏ ఊరివాడో, ఏ ఓడలో వచ్చాడో వెతికితే ఒక్క రికార్డూ లేదు. వాడెవిల్ వాళ్ల రికార్డులు ఎక్కడ ఉంటాయో తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో చచ్చిపోతున్నా.

ముక్కుసూటి
పేరు?

హాలు చరిత్ర
ముందుగా ఒక మాట. లండన్‌లో వాడెవిల్ అనరు. వాడెవిల్ అమెరికాలో వాడే మాట. న్యూయార్క్‌లో టోనీ పాస్టర్ 1881లో తాగుడు, బూతు లేని షోలు మొదలుపెట్టి ఇంటిల్లిపాదినీ హాలుకి రప్పించాడు, అక్కణ్ణుంచి ఆ తరహా షోలు పాకాయి. అదే తరహా కార్యక్రమాన్ని ఇంగ్లండ్‌లో మ్యూజిక్ హాల్ అన్నారు, తర్వాత వెరైటీ అన్నారు. ఒక పాట, ఒక కుక్కల ఆట, ఒక దొమ్మరాట, ఒక మేజిక్, మళ్లీ పాట. మీరు ఇంగ్లండ్ పేపర్లలో వాడెవిల్ అని కొట్టి వెతికితే ఏం దొరుకుతుంది? మాట తప్పయితే వెతుకులాటా తప్పే. దీని మీద నేను ఇంతకుముందు వివరంగా రాశాను, ఎవరూ చదవలేదు.

నాటికల పిచ్చి
సార్, పేరు అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు. చింగ్ లింగ్ సూ. బుల్లెట్‌ని పళ్లెంలో పట్టుకునే ఆయన.

ముక్కుసూటి
ఆ పేరుతో ఎవరూ లేరు.

నాటికల పిచ్చి
అదేంటండీ, నిన్నంతా ఆ పేరుతోనే వెతికా, బోలెడు వచ్చాయి!

పాతపేపర్ల పురుగు
తమ్ముడూ, అక్కడే పడ్డావు. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకణ్ణి చేశావు. చింగ్ లింగ్ ఫూ ఒకాయన. చంగ్ లింగ్ సూ ఇంకొకాయన. మన లిపిలో రాస్తే ముందు ఒక గుడి తేడా, చివర ఒక అక్షరం తేడా. నువ్వు మొదటాయన తల తీసి రెండో ఆయన మొండేనికి అతికించావు.

ఫూ అసలైన చైనావాడు. అసలు పేరు ఝూ లియన్‌కుయ్, 1854లో బీజింగ్‌లో పుట్టాడు. 1898లో అమెరికాలో ఒమాహా ఎగ్జిబిషన్‌కి వచ్చి అక్కడే వెలిగిపోయాడు. ఖాళీ గుడ్డ దులిపి, దాని కింద నుంచి నీళ్లు నిండిన పెద్ద తొట్టి తీసేవాడు. ఇలా ఎవరైనా చేస్తే 1000 డాలర్లు ఇస్తానన్నాడు. 1922లో పోయింది ఈయన.

సూ 1918లో పోయాడు. లండన్ ఉత్తరాన వుడ్ గ్రీన్ ఎంపైర్ అనే హాల్లో మార్చి 23, శనివారం రాత్రి రెండో ఆటలో గుండు తగిలింది. తెల్లవారుజామున దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో పోయాడు.

1905 సంగతి కూడా ఇప్పుడు అర్థమైపోయి ఉంటుంది. ఫూ ఎంపైర్‌లో (వుడ్ గ్రీన్‌ది కాదు, ఇది వేరే ఎంపైర్), సూ హిప్పోడ్రోమ్‌లో. రెండూ లెస్టర్ స్క్వేర్ చుట్టుపక్కలే. అసలువాడు ఎవడో తేల్చుకుందాం రమ్మని ఒక వారపత్రిక ఆఫీసులో పోటీ పెట్టారు. జనవరి 7న సూ వచ్చాడు, ఫూ రాలేదు.

నాటికల పిచ్చి
అన్నా మీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి. అంటే ఇద్దరు చైనావాళ్లు, పోటీ. సూపర్! క్లైమాక్స్ దొరికింది. సూ చైనాలో ఏ ఊరు?

ముక్కుసూటి
న్యూయార్క్.

నాటికల పిచ్చి
??

పాతపేపర్ల పురుగు
ముక్కుసూటి గారు ఎప్పుడూ ఇంతే, కొట్టి వెళ్లిపోతారు. సూ చైనావాడు కాదు. విలియం ఎల్స్‌వర్త్ రాబిన్సన్, 1861 ఏప్రిల్ 2న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కెల్లర్, హెర్మన్ అనే పెద్ద మెజీషియన్ల దగ్గర వెనకాల పనిచేసేవాడు. ట్రిక్కులు కట్టడంలో దిట్ట, నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం తడబడేవాడు. అంతకుముందు అక్మద్ బెన్ అలీ అని అరబ్బు వేషం కూడా వేశాడు. ఫూ వెయ్యి డాలర్ల పందెం కట్టినప్పుడు నేను చేస్తానని వెళ్లాడు, ఫూ ఒప్పుకోలేదు. 1900లో పారిస్‌లో ఎవరో చైనా మెజీషియన్ కావాలంటే గుండు గీయించి, జడ పెట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని ఎక్కాడు. అక్కణ్ణుంచి లండన్‌లో ఆల్‌హంబ్రా అనే హాలుకి వచ్చేసరికి చంగ్ లింగ్ సూ అయ్యాడు. ఇక 18 ఏళ్లు ఆ వేషం దించలేదు.

విలేకరులు వస్తే కామెటారో అనే అసిస్టెంటు "అనువాదం" చేసేవాడు. ఆ కామెటారో జపాన్ వాడు. అమెరికావాడు ఏదో గొణిగితే జపాన్ వాడు చైనా భాష విన్నట్టు తలూపి ఇంగ్లీషులో చెప్పడం! నీ నాటికలో ఈ సీను పెట్టకపోతే నీ ఇష్టం.

నాటికల పిచ్చి
అయిపోయింది. నా మొదటి రెండు సీన్లు చైనా పల్లెటూళ్లో. తల్లి ఏడుస్తుంటే ఓడ ఎక్కుతాడు. నటికి డైలాగులు కూడా ఇచ్చేశా. ఆవిడ కంఠతా పట్టేసింది.

మేకప్ మాస్టారు
బాబూ ఏం పోలేదు. తల్లి ఏ దేశంలో ఏడ్చినా తల్లే. అసలు సంగతి నీ సెట్. పరిషత్తులో టైము కొలిచి మరీ కూర్చుంటారు. సురభి వాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టినప్పటి నుంచి మాయలు, మంటలు, గాల్లో ఎగరడాలు స్టేజీ మీదే చేసి చూపించారు. కరెంటు లేని రోజుల్లో. మాయాబజార్‌లో ఘటోత్కచుడు పెళ్లి విందు లాగించేయడం చూశావా? వాళ్ల దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు కూర్చో, ఈ లండన్ వాళ్లెందుకు.

గజకర్ణ
మాస్టారూ సురభి వాళ్లది రంగస్థల తంత్రం, ఇది గారడీ. రెండూ ఒకటి కాదు.

హాలు చరిత్ర
గారడీ కాదండీ. గారడీ అంటే వీధిలో డోలు కొట్టి, పామును చూపించి, బుట్టలో కుర్రాణ్ణి పెట్టి కత్తితో పొడిచేది. టికెట్టు పెట్టి హాల్లో చేసేది ఇంద్రజాలం. పత్రికలన్నీ "ఇంద్రజాలికుడు" అనే రాస్తాయి.

గజకర్ణ
పత్రికలు రాస్తే వేదమా. ఇంద్రజాలం, మహేంద్రజాలం, గజకర్ణ, గోకర్ణ, టక్కుటమార విద్యలని మా తాత ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. అందులో టికెట్టు మాట ఎక్కడా లేదు. చేతివాటం చూపించేది కనికట్టు. నాటికలో పాత్ర "నేను ఇంద్రజాలికుణ్ణి" అంటే వెనక బెంచీ నవ్వుతుంది. "మేజిక్ చేస్తాడు" అంటే అందరికీ అర్థమవుతుంది.

నాటికల పిచ్చి
అయ్యా దయచేసి. ఆ బుల్లెట్ ట్రిక్కు ఎలా చేసేవాడో ఎవరికైనా తెలుసా? చివరి సీను దాని మీదే.

రిటైర్డ్ తూటా
నేను చెబుతా. పాతికేళ్లు సర్వీసులో తుపాకులతోనే గడిపాను. ఆ ట్రిక్కుకి పెట్టిన పేరు "బాక్సర్లు వేసిన మరణశిక్ష". బాక్సర్లంటే చైనాలో విదేశీయుల మీద తిరగబడ్డవాళ్లు, 1900 నాటి ఆ తిరుగుబాటు అప్పుడు పేపర్ల నిండా ఉంది కాబట్టి ఆ పేరు. బాక్సర్ల వేషంలో ఇద్దరు తుపాకులు ఎక్కుపెడతారు, ఈయన ఎదురుగా పళ్లెం పట్టుకుని నిలబడతాడు. ప్రేక్షకుల్లోంచి వచ్చినవాళ్లు గుండ్ల మీద గుర్తు గీసి ఇస్తారు. భార్య వాటిని మార్చేస్తుంది. గుర్తున్నవి ఈయన దగ్గరికి చేరతాయి, పళ్లెంలో టంగుమని పడేవి అవి.

తుపాకులు మూతి వైపు నుంచి మందు కూరే పాతరకం. గొట్టంలో మందూ గుండూ నిజంగానే దట్టించేవాళ్లు, అందరి కళ్ల ముందే. మోసం ఎక్కడంటే, గొట్టం కింద, మందు దట్టించే కడ్డీ దూర్చుకునే చిన్న గొట్టం ఉంటుంది చూశావా, అందులో ఉత్త మందు పెట్టేవాడు. ట్రిగ్గర్ నొక్కితే నిప్పు పై గొట్టంలోకి పోకుండా కింది గొట్టంలోకి వెళ్లేలా దారి మార్చాడు. చప్పుడు వస్తుంది, పొగ వస్తుంది, గుండు మాత్రం పైన కదలకుండా ఉంటుంది.

ఇప్పుడు తప్పు విను. ఆట అయ్యాక పై గొట్టంలో మందు, గుండు అలాగే ఉండిపోతాయి కదా. మామూలుగా అయితే మూతి వైపు నుంచి మర కడ్డీతో లాగెయ్యాలి, లేదా బయటికెళ్లి పేల్చెయ్యాలి. ఈయన పొదుపు మనిషి. గొట్టం వెనక బిరడా మర విప్పి, మందునీ గుండునీ మళ్లీ వాడుకోవడానికి తీసుకునేవాడు. రోజుకి రెండు ఆటలు, ఏళ్ల తరబడి. విప్పి బిగించి, విప్పి బిగించి మర అరిగింది. ఆ సందులోంచి సన్న మందు పొడి కొంచెం కొంచెంగా కారి నిప్పు దారిలో చేరింది. ఒక రాత్రి నిప్పు పైకీ పాకింది. గుండు కుడి ఊపిరితిత్తిలోంచి దూసుకుపోయింది. విచారణలో రాబర్ట్ చర్చిల్ అనే తుపాకుల నిపుణుడు విప్పి చూసి చెప్పిన సంగతి ఇది. ఆత్మహత్య, హత్య అని పుకార్లు బోలెడు వచ్చాయి గానీ కోర్టు ప్రమాదమనే తేల్చింది.

మా దగ్గర ఎవడైనా అలా బిరడా విప్పి ఉంటే చెంప పగిలేది.

నాటికల పిచ్చి
వామ్మో. ఒళ్లు జలదరించింది. చనిపోయేటప్పుడు ఏమన్నాడు?

పాతపేపర్ల పురుగు
అదే అసలు సీను. స్టేజీ మీద ఇంగ్లీషులో మాట్లాడే అలవాటే లేని మనిషి ఆ రాత్రి చక్కటి ఇంగ్లీషులో "దేవుడా, ఏదో జరిగింది, తెర దించండి" అన్నాడట. ఆ మాట విన్న జనానికి గుండు తగలడం ఎక్కువ ఆశ్చర్యమా, చైనావాడి నోట ఇంగ్లీషు రావడం ఎక్కువ ఆశ్చర్యమా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

రికార్డుల సంగతి. సూ అని వెతికితే చచ్చినా దొరకదు, రాబిన్సన్ అని వెతుకు. కాకపోతే ఆ పేరుతో లక్షమంది ఉంటారు కాబట్టి పుట్టిన సంవత్సరం పట్టుకో. ఆట ప్రకటనలకి మాత్రం సూ పేరే. 1909లో ఆస్ట్రేలియా వెళ్లాడు, అక్కడి పాత పేపర్లు ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. అమెరికా రోజులకి క్రానిక్లింగ్ అమెరికా అనే పాత పేపర్ల వెబ్‌సైట్, అదీ ఉచితం. ఇంగ్లండ్ పేపర్లలో చాలావాటికి డబ్బు కట్టాలి. "ఎరా" అని నాటక వారపత్రిక ఉండేది, వారం వారం ఎవరు ఏ ఊళ్లో ఆడుతున్నారో వేసేది. ఆ ఒక్కటి చాలు నీకు.

ఇంటి సంగతి కూడా కొంచెం గజిబిజి. స్టేజీ మీద సూయీ సీన్ అనే చైనా పిల్లగా కనిపించిన ఆలివ్ పాత్ కూడా అమెరికా మనిషే, అందరూ డాట్ అనేవాళ్లు. మొదటి భార్యతో విడాకులు కాలేదు కాబట్టి ఈవిడతో పెళ్లి చట్టానికి చెల్లలేదు. అది చాలనట్టు లండన్ పక్కన బార్న్స్‌లో మూడో సంసారం, ముగ్గురు పిల్లలు. అంటే ఇంటికెళ్లినా వేషమే.

మేకప్ మాస్టారు
వేషం వేస్తే తప్పేంటి. మా స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఆడవాళ్లే ఆయన్ని చూసి కొంగు సర్దుకునేవాళ్లని మా గురువుగారు చెప్పేవారు. పద్మశ్రీ ఇచ్చారు.

హాలు చరిత్ర
మాస్టారూ పోలిక కుదరదు. స్థానం వారు ఆడవేషం అని జనానికి తెలుసు, తెలిసే టికెట్టు కొన్నారు. ఈయన ఇంకో జాతి మనిషినని చెప్పి, ఆ జాతి మనిషి కూటికే పోటీ వచ్చాడు. ఫూ అడిగింది కూడా అదే, ముందు నువ్వు చైనావాడివని రుజువు చెయ్యి అని. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మేకప్ మాస్టారు
కళ కళే నాయనా.

గజకర్ణ
కళ కాదు, కనికట్టు.

నాటికల పిచ్చి
అందరికీ థ్యాంక్స్. మొదటి రెండు సీన్లు తీసేశా. తల్లి పాత్ర వేసే ఆవిడ అలిగింది, ఆవిడకి డాట్ వేషం ఇస్తానన్నా, వయసు కుదరదంటోంది. కామెటారో సీనుతో మొదలుపెడుతున్నా. తుపాకీ చప్పుడు హాల్లో ఎలా తెప్పించాలో రేపు అడుగుతా.

రిటైర్డ్ తూటా
నిజం మందు వాడకు.

ముక్కుసూటి
టైటిల్‌లో పేరు సరిగ్గా రాయి.

హాలు చరిత్ర
టైటిల్‌లో వాడెవిల్ అని పెట్టకండి, మ్యూజిక్ హాల్.

గజకర్ణ
గారడీ, ఇంద్రజాలం సంగతి ఇంకా తేలలేదు. మా ఇంట్లో పాత నిఘంటువు పై అరలో ఉంది. మనవడు బడి నుంచి వచ్చాక దింపించి రాస్తా.