కంపెనీ మూతపడినా నడిచే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు వస్తుందా?

శాన్‌హోసే రఘు:
ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుల భవిష్యత్తు అనగానే చర్చంతా వేగం, మైలేజీల చుట్టూనే తిరుగుతోంది. అంతకంటే ముందు తేలవలసింది, తయారుచేసిన కంపెనీ మూతపడితే మన బోర్డు గతి ఏమిటన్నది. స్టాన్‌ఫర్డ్‌లో చదివిన ఇంజనీర్లు స్థాపించి, 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్ ద్వారా ప్రజల నుంచి నిధులు సేకరించిన బూస్టెడ్ ఈ రంగానికే గుర్తింపు తెచ్చింది. అలాంటి సంస్థ కూడా 2020 మార్చిలో సిబ్బందిలో అత్యధికులను తొలగించి, ఆ తర్వాత కనుమరుగైంది. రాబోయే బోర్డులలో ఏయే మార్పులు ఉండాలో మీ అనుభవంతో చెప్పగలరు.

ఆస్టిన్ సువర్ణ:
రఘు గారూ, బ్యాటరీతోనే మొదలుపెట్టాలి. నా బోర్డులో మోటార్లు, చక్రాలు, చెక్క అన్నీ బాగానే ఉన్నా, బ్యాటరీలోని ఒక వరుస సెల్స్ బలహీనపడగానే రక్షణ సర్క్యూట్ మొత్తం బోర్డునే ఆపేసింది. పెట్టెను జిగురుతో అతికించినందున దాన్ని విప్పడానికి మరమ్మతు దుకాణాలేవీ ఒప్పుకోలేదు. మరలు తీసి మార్చుకోగల బ్యాటరీ, ఏ సెల్ ఎంత వోల్టేజీలో ఉందో చూపించే యాప్, బయట దొరికే ప్రామాణిక కనెక్టర్లు ఇచ్చే కంపెనీ బోర్డునే ఇకమీదట కొంటాను. స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడర్ రూపొందించిన వెస్క్ అనే మోటారు కంట్రోలర్ (మోటారు వేగాన్ని, బ్రేకును నియంత్రించే సర్క్యూట్) డిజైనూ సాఫ్ట్‌వేరూ అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టే, సొంతంగా బోర్డులు కట్టుకునేవారు ఒక కంపెనీ మీద ఆధారపడకుండా కొనసాగుతున్నారు.

సియాటిల్ కిరణ్:
సువర్ణ గారి మాటతో ఏకీభవిస్తాను కానీ, విప్పడానికి వీలైన పెట్టెలోకి నీరు చొరబడకుండా చూడడం అంత సులభం కాదు. మా ఊరి వానలకు అది చిన్న విషయం కాదు. నాకు మరింత ఆందోళన కలిగించేది బ్రేకు. ఈ బోర్డులలో చాలావాటికి మోటారే బ్రేకు. ఆపేటప్పుడు పుట్టిన విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి వెళుతుంది. కొండ మీద ఇంట్లో పూర్తిగా ఛార్జి చేసి వెంటనే దిగువకు బయలుదేరితే, నిండిన బ్యాటరీలో ఆ విద్యుత్తుకు చోటుండదు, బ్రేకు బలహీనపడవచ్చు లేదా ఆగిపోవచ్చు. అందువల్ల నేను ఎప్పుడూ కొంత ఖాళీ ఉంచే ఛార్జి చేస్తాను. అదనపు విద్యుత్తును వేడిగా మార్చి వదిలే రెసిస్టరు గానీ, విడిగా ఒక యాంత్రిక బ్రేకు గానీ మామూలు ధర బోర్డులలోకి కూడా రావాలి. ఒకే చక్రంతో నడిచే వన్‌వీల్ విషయంలో 2023లో అమెరికాలో సుమారు 3 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించవలసి వచ్చింది. హెచ్చరికలు, రక్షణ ఏర్పాట్లు మొదటి నమూనాలోనే ఉండాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

హైదరాబాద్ మాధవి:
అమెరికా నుంచి బోర్డు తెచ్చుకోవాలనుకునేవారికి విమానమే పెద్ద అడ్డంకి. లిథియం బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్లు (నిల్వ ఉండే విద్యుత్తు కొలత) దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికులు తీసుకువెళ్లడానికి వీలుండదు. పైగా ఇలాంటి వాహనాలను అసలే ఒప్పుకోని ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. చిన్న ప్యాక్‌లను జతచేసుకునే పద్ధతి వచ్చినా ముందుగా ఎయిర్‌లైన్‌ను అడగక తప్పదు. ఇక్కడి రోడ్లకు గాలి నింపిన పెద్ద చక్రాలు కావాలి. మోటారు చక్రం లోపలే ఉండి, పైన యూరెథేన్ అనే రబ్బరు లాంటి పదార్థపు సన్నని పూత ఉన్న హబ్ మోటారు చక్రాలతో ప్రతి గతుకూ మోకాళ్లకు తెలుస్తుంది.

శాన్‌హోసే రఘు:
మాధవి గారూ, చక్రాలు మార్చుకోవాలంటే, విడిగా ఉన్న మోటారు బెల్టుతో చక్రాన్ని తిప్పే బెల్టు బోర్డులే అనుకూలం. బెల్టులు అరుగుతాయి గానీ విడిగా కొనుక్కోవచ్చు. కిరణ్ గారూ, రెసిస్టరు వేడిని చెక్క కింద ఎక్కడికి పంపాలో మీకేమైనా ఆలోచన ఉందా? కంట్రోలర్‌కు ఉన్న అల్యూమినియం పలకే దానికీ సరిపోతుందా?