రక్తం ఎక్కించడంలో పొరపాటు జరిగింది, రిఫ్లెక్షన్ ఎలా రాయాలో చెప్పండి

యార్క్‌షైర్ నుంచి, కొత్తగా చేరిన నర్సు:

అక్కలకీ అన్నలకీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ తర్వాత హైదరాబాద్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. ఓస్కీ (నర్సుగా రిజిస్టర్ కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పాసై ఇక్కడ ఇంగ్లండులో ఒక మెడికల్ వార్డులో బ్యాండ్ 5గా, అంటే మొదటి మెట్టు నర్సుగా, చేరి ఐదు నెలలైంది. ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను, చెరిపేస్తున్నాను.

పోయిన వారం నైట్ డ్యూటీలో ఒకే బేలో (కొన్ని మంచాలుండే వార్డు భాగం) ఇద్దరు పెద్దావిడలకి రక్తం ఎక్కించాలి. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. మొదటి బ్యాగ్ రాగానే నేనూ, నా సీనియరూ నర్సింగ్ స్టేషన్ దగ్గరే నిలబడి బ్యాగ్ లేబుల్‌ని చార్ట్‌తో సరిచూశాం. పేరు, పుట్టిన తేదీ, హాస్పిటల్ నంబర్, గ్రూప్, ఎక్స్‌పైరీ అన్నీ కలిశాయి. ఇద్దరం సంతకం పెట్టాం. బ్యాగ్ పట్టుకుని నేనొక్కదాన్నే బేలోకి వెళ్ళాను. దారిలో ఇంకొకావిడ బాత్రూంకి తీసుకెళ్ళమని పిలిచారు. వస్తున్నానండీ అని చెప్పి, మంచం దగ్గరికి వెళ్ళి "మిసెస్ ఫలానా కదా?" అని అడిగాను. ఆవిడ తల ఊపారు. మొదలుపెట్టేశాను.

పదిహేను నిమిషాలకి బీపీ, టెంపరేచర్ చూసి రాయబోతుంటే రిస్ట్‌బ్యాండ్ కనిపించింది. పుట్టిన సంవత్సరం వేరు. వెంటనే ఆపేసి, సెట్ తీసేసి, సీనియర్‌ని, డాక్టర్‌ని పిలిచాను. అప్పటికి 40 ఎంఎల్ దాకా వెళ్ళింది. ఆవిడది ఏ పాజిటివ్, వెళ్ళింది ఓ పాజిటివ్. ఆవిడకి ఏమీ కాలేదు. డాక్టర్ గారు ఆవిడకీ, ఉదయం వాళ్ళమ్మాయికీ జరిగింది జరిగినట్టు చెప్పి క్షమాపణ అడిగారు. నేను పక్కనే నిలబడ్డాను.

ఇప్పుడు రిఫ్లెక్షన్, అంటే జరిగినదాని గురించి ఆలోచించి నేర్చుకున్నది రాసే కాగితం, రాయమన్నారు. "తొందరలో పొరపాటు చేశాను, చాలా బాధపడుతున్నాను, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను" అని ఒక పేజీ రాసి ఇస్తే, మాకు శిక్షణ ఇచ్చే ప్రాక్టీస్ ఎడ్యుకేటర్ చదివి ఇందులో విశ్లేషణ లేదన్నారు. ఇంకేం రాయాలో అర్థం కావడం లేదు. రూంలో వాళ్ళేమో ఎంత తక్కువ రాస్తే అంత మంచిది అంటున్నారు. పిన్ (నర్సు రిజిస్ట్రేషన్ నంబర్) పోతుందేమో, వీసా పోతుందేమో అని టెన్షన్. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

లెస్టర్ నుంచి, పదమూడేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్న అక్క:

చెల్లీ, ముందు అన్నం తిను. తర్వాత ఇది నిదానంగా చదువు.

ఆ పదిహేనో నిమిషంలో నువ్వు ఆపావు, దాచకుండా పిలిచావు. నీ రిఫ్లెక్షన్‌లో ఇది తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అదీ ఆ రాత్రి జరిగినదే. సమర్థించుకున్నట్టు ఉంటుందని వదిలేయకు.

ఇక నీ పేజీ సంగతి. "జాగ్రత్తగా ఉంటాను" అన్నావు. ఆ రాత్రి నువ్వు అజాగ్రత్తగా ఉన్నానని అనుకున్నావా? అనుకోలేదు. లేబుల్ మీద ప్రతి అంకె చదివావు, సంతకం పెట్టావు, అంతా సరిగ్గా చేశాననే అనుకున్నావు. మరి సరిగ్గా చేశాననుకున్న మనిషి చేతిలో పొరపాటు ఎలా జరిగింది? నువ్వు రాయాల్సింది అది. ఇక్కడ క్రిటికల్ అంటే నిన్ను నువ్వు తిట్టుకోవడం అని మనవాళ్ళు చాలామంది పొరబడతారు. ఎంత ఎక్కువ ఏడిస్తే అంత బాగా రాసినట్టు అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను.

నీ కథలో ఒక్కో అడుగూ ఆగి చూడు. స్టేషన్ దగ్గర ఇద్దరూ ఏం సరిచూశారు? బ్యాగ్‌ని కాగితంతో. ఆ రెండూ ఒకే పేషెంటువి కాబట్టి కలవక ఏం చేస్తాయి? పేషెంటు మాత్రం ఆ చెకింగ్‌లో లేనే లేదు. ఇక్కడి పద్ధతి ప్రకారం చివరి చెక్ మంచం పక్కనే జరగాలి. పేషెంటు నోటితో పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పించుకోవాలి, అది రిస్ట్‌బ్యాండ్‌తో కలవాలి, రిస్ట్‌బ్యాండ్ బ్యాగ్‌కి కట్టిన లేబుల్‌తో కలవాలి. ఇద్దరు చూసే వార్డుల్లో ఎవరికి వారు విడిగా, మొదటినుంచి చివరిదాకా చూడాలి. మీరిద్దరూ కలిసి చదివారు. నువ్వు చూశావు కదా అని ఆవిడ, సీనియర్ చూసింది కదా అని నువ్వు. ఆవిడ మంచం దాకా రాలేదు, రమ్మని నువ్వు అడగలేదు. ఎందుకు అడగలేకపోయావు? ఐదు నెలల కొత్తదానివి, ఆవిడ బ్యాండ్ 6, రాత్రి రెండింటికి రమ్మనడానికి నోరు రాలేదు, అంతేనా? అదే అయితే అదే రాయి.

తర్వాత ఆ "కదా?" దగ్గర ఎక్కువసేపు ఆగు. నాకైతే నీ కథ మొత్తానికి కీలకం అక్కడే ఉందనిపిస్తోంది. మన దగ్గర పెద్దావిడని పేరు పెట్టి పిలవం. అమ్మా అంటాం, పెద్దమ్మా అంటాం. పొద్దున్నుంచి సేవ చేస్తున్న మనిషిని మళ్ళీ "మీ పేరేంటి" అని అడగడం మనకి అమర్యాదగా తోస్తుంది. పైగా మన ఇంగ్లీషు యాస అర్థమవుతుందో లేదో అని బెరుకు. అందుకే అవును, కాదు అంటే సరిపోయేలా అడుగుతాం. చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్ళు, నిద్రమత్తులో ఉన్నవాళ్ళు మర్యాద కోసం దేనికైనా తల ఊపుతారు. ఇది నీ రిఫ్లెక్షన్‌లో రాస్తే, ఏ ఎడ్యుకేటరూ విశ్లేషణ లేదనలేదు. ఇది ఎక్కడినుంచో ఎత్తి రాసేది కాదు, నువ్వే రాయగలవు.

నా సంగతి చెబుతాను. వచ్చిన మొదటి ఏడాది క్రాస్‌మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం పేషెంటుకి సరిపడుతుందో ల్యాబ్‌లో చూసే పరీక్ష) రక్తం శాంపిల్ తీశాను. ఇండియాలో అలవాటు కొద్దీ ట్యూబ్ పట్టుకుని స్టేషన్‌కి వచ్చి, అక్కడ కూర్చుని పేరు రాశాను. టేబుల్ మీద ఇంకో పేషెంటు ఫైల్ తెరిచి ఉంది. ఆ పేరు రాసేశాను. గంట తర్వాత ల్యాబ్ నుంచి ఫోన్: "ఈ పేషెంటు పాత రికార్డులో బీ గ్రూప్, ఇప్పుడు ఓ వచ్చింది. శాంపిల్ ఎవరు తీశారు?" ఆ పేషెంటుకి పాత రికార్డు ఉంది కాబట్టి దొరికింది. కొత్త పేషెంటుకి రెండు వేర్వేరు సార్లు తీసిన శాంపిల్స్ అడగడం ఇందుకే. అప్పుడు నేను రాసిన మొదటి రిఫ్లెక్షన్‌లో కూడా "జాగ్రత్తగా ఉంటాను" అనే ఉంది. మా మేనేజర్ దాని కింద పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న రాసి వెనక్కి ఇచ్చారు: ట్యూబ్ మీద పేరు రాసేటప్పుడు పేషెంటు నీకు కనిపిస్తున్నారా? ఆ రోజునుంచి మంచం పక్కన నిలబడే రాస్తాను.

గిబ్స్ సైకిల్ వాడమని ఉంటారు. 1988లో వచ్చింది, నర్సింగ్ కాలేజీల్లో చాలామంది వాడే ఆరు మెట్లు: జరిగింది, అనిపించింది, మంచీ చెడూ, విశ్లేషణ, ఇంకేం చేసి ఉండాల్సింది, ఇకముందు ఏం చేస్తాను. మొదటి రెండింటికే ముప్పావు పేజీ ఖర్చు చేయకు. అసలు పని నాలుగో మెట్టులో ఉంది. ఆరో మెట్టులో ఎవరైనా వచ్చి చూసి అవునో కాదో చెప్పగలిగే పనులు మాత్రమే రాయి. "రిస్ట్‌బ్యాండ్ నా చేతిలో ఉండి, పేషెంటు తన పేరు తను చెప్పేదాకా బ్యాగ్‌కి సెట్ గుచ్చను." "ఫలానా తేదీలోపు రక్తం ఎక్కించే నా కాంపిటెన్సీ పరీక్ష మళ్ళీ చేయించుకుంటాను." అలాంటివి.

మాంచెస్టర్ నుంచి ఒక అన్న:

అక్క చెప్పింది బాగానే ఉంది కానీ, అంత విప్పి రాయకమ్మా. మన కాగితం మన మీదికే వస్తుంది. నా స్నేహితుడు ఒకతను అన్నీ రాసి తర్వాత చాలా ఇబ్బంది పడ్డాడు. భాషరాని చోట మనకి దన్నెవరు?

లెస్టర్ అక్క మళ్ళీ:

అన్నా, మీ భయం నాకు తెలుసు, నాకూ ఉండేది. కానీ రెండు వేర్వేరు కాగితాలను ఒకటిగా చూడకూడదు. ఎంక్వయిరీ కోసం ఇచ్చే స్టేట్‌మెంట్ వేరు. అందులో చూసింది, చేసింది మాత్రమే ఉండాలి. చెల్లీ, స్టేట్‌మెంట్ అడిగితే సంతకం పెట్టే ముందు నీ యూనియన్‌కి, ఆర్‌సీఎన్ అయినా యూనిసన్ అయినా, ఫోన్ చేసి చూపించు. అదే మనకి దన్ను. రిఫ్లెక్షన్ నేర్చుకోవడానికి. అందులో పేషెంటు పేరు, మంచం నంబరు, తేదీ, వార్డు ఏవీ ఉండకూడదు. నర్సుల రిజిస్టర్ చూసే ఎన్‌ఎంసీ దగ్గర రీవాలిడేషన్‌కి (రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి) మూడేళ్ళకోసారి ఎలాగూ ఐదు రిఫ్లెక్షన్లు కావాలి, ఇది అందులో ఒకటి అవుతుంది. వ్యక్తిగత రిఫ్లెక్షన్ నోట్స్‌ని విచారణ కోసం అడగబోమని ఇక్కడి వైద్యరంగ రెగ్యులేటర్లు 2019లో కలిసి ప్రకటించాయి కూడా. మనవాళ్ళు నిజంగా చిక్కుల్లో పడింది పొరపాటు చేసినందుకు కంటే దాచినందుకే అని నేను చూశాను.

బర్మింగ్‌హామ్ నుంచి, బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ ల్యాబ్‌లో పనిచేసే అన్న:

చెల్లెమ్మా, "ఆవిడకి ఏమీ కాలేదు" అని రాశావు. ఎందుకు కాలేదో కూడా నీ పేజీలో ఉండాలి. ఓ గ్రూప్ ఎర్ర కణాల మీద ఏ, బీ యాంటిజెన్లు (శరీరం పసిగట్టే గుర్తులు) రెండూ ఉండవు, అందుకే ఆవిడ శరీరం ఊరుకుంది. అదే బ్యాగ్ బీ గ్రూప్ అయి ఉంటే, ఆవిడ రక్తంలో పుట్టుకతో వచ్చినంత సహజంగా ఉండే యాంటీ బీ అనే యాంటీబాడీ వెంటనే ఆ కణాలను పగలగొట్టేది. చలి, జ్వరం, నడుం నొప్పి, బీపీ పడిపోవడం, మూత్రం నల్లబడటం, కిడ్నీలు దెబ్బతినడం. అందుకు బ్యాగంతా వెళ్ళనక్కర్లేదు. నీకు వెళ్ళిన 40 ఎంఎల్ కంటే తక్కువతోనే ప్రాణం మీదికి రావచ్చు. ఆ రాత్రి ఆవిడని కాపాడింది అదృష్టం. ఈ మాట నిన్ను బాధపెట్టడానికి అనడం లేదు. అదృష్టం అని రాస్తేనే మీ వార్డు పద్ధతి మారుతుంది.

పేషెంటుకి సరిపడని గ్రూప్ ఎర్ర కణాలు ఎక్కిస్తే ఇంగ్లండులో దాన్ని నెవర్ ఈవెంట్ అంటారు, ఎప్పటికీ జరగకూడనిది అని. నీ విషయంలో వెళ్ళిన ఓ గ్రూప్ ఆవిడకి సరిపడేదే కాబట్టి ఆ లెక్కలోకి రాదు. కానీ ఒకరి బ్యాగ్ ఇంకొకరికి వెళ్ళింది కాబట్టి షాట్‌కి రిపోర్ట్ అవుతుంది. షాట్ అంటే 1996 నుంచి దేశమంతటి రక్తమార్పిడి ప్రమాదాలను, పేర్లు లేకుండా, పోగుచేసి ఏటా నివేదిక వేసే సంస్థ. ఆ నివేదికలు తెరిచి చూడు. వచ్చే రిపోర్టుల్లో ఐదింట నాలుగు వంతుల దాకా మనుషుల పొరపాట్లే, రక్తంలో లోపాలు కావు. మన దేశంలోనూ 2012 డిసెంబరులో ఇలాంటిదే హీమోవిజిలెన్స్ ప్రోగ్రాం మొదలైంది.

ల్యాబ్‌లో మేం గ్రూపు చూస్తాం, యాంటీబాడీలు చూస్తాం, క్రాస్‌మ్యాచ్ చేస్తాం. ఇంత చేసీ, బ్యాగ్ ఫ్రిజ్ దాటాక మాకు ఇంకేమీ కనపడదు. ఆ తర్వాత చూడగలిగేది మంచం పక్కన ఉన్న నువ్వే.

ఇంకోటి, ఆ బ్యాగ్ ఎవరి కోసం వచ్చిందో ఆ రెండో ఆవిడని ఎవరూ తలుచుకోవడం లేదు. ఆవిడకి రక్తం ఎంత ఆలస్యమైంది? అదీ రాయి.

యార్క్‌షైర్ నుంచి, కొత్తగా చేరిన నర్సు:

అక్కా, అన్నలూ, మీ అందరికీ దణ్ణం. రెండో ఆవిడ గురించి నేను నిజంగా ఆలోచించలేదు. ఇంకో బ్యాగ్ వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఆవిడ ఆయాసపడుతూ దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చున్నారు. ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

నిన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. యూనియన్‌కీ చేశాను. మా సీనియర్‌తో కూడా మాట్లాడాను. తను కూడా ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదట. ఇద్దరం కలిసి, బ్యాగ్‌ని స్టేషన్ దగ్గర సరిచూసే అలవాటు మా వార్డులో మానేయాలని మేనేజర్‌కి రాస్తున్నాం.

విశ్లేషణ భాగం మళ్ళీ మొదటినుంచి రాశాను. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చాను. తెలుగులో ఇలా వచ్చింది, ఎలా ఉందో చెప్పండి:

"నేను పేషెంటుని పేరు అడగలేదు. పేరు నేనే చెప్పి, ఆవిడ చేత ఒప్పించుకున్నాను. ఆవిడ వయసు మా నాయనమ్మ వయసు. ఆ సాయంత్రం మందులు ఇచ్చేటప్పుడు ఒకసారి పేరు అడిగాను, మళ్ళీ అడిగితే విసుక్కుంటారనిపించింది. బేలో ఇంకొకావిడ నా కోసం ఎదురుచూస్తున్నారు. స్టేషన్ దగ్గర రెండు సంతకాలు పడ్డాయి కాబట్టి చెకింగ్ అయిపోయిందని నా మనసు ముందే అనుకుంది, మంచం దగ్గర అడిగిన ప్రశ్న మాట వరసకి అడిగింది. ఆవిడ హియరింగ్ ఎయిడ్ లాకర్ మీద చిన్న డబ్బాలో ఉంది. నేను దాన్ని చూశాను. నా ట్రే పెట్టుకోవడానికి దాన్ని కొంచెం పక్కకి జరిపాను కూడా."

సోమవారం ఇస్తున్నాను.