సినిమావాళ్లపై సినిమా: అధిక్షేపమా, నిందాస్తుతా?

ప్రశ్న: సినీపరిశ్రమను ఎగతాళి చేస్తూ సినిమావాళ్లే తీసిన చిత్రాలను సమీక్షకులు ‘నిర్భయమైన అధిక్షేపం’ అని మెచ్చుకోవడం తరచుగా చదువుతున్నాను. ఆ మాట అక్కడ తగినదేనా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం: చాలా చిత్రాలకు తగదనే నా అభిప్రాయం. అధిక్షేపమంటే సెటైరు. అందులోని ‘క్షేపం’ అంటే విసరడం. విసిరిన రాయి ఎవరికో తగలాలి, తగిలినవారికి నొప్పి పుట్టాలి. వేమన పద్యాన్ని అధిక్షేపం అంటున్నామంటే, అది ఎవరిని ఉద్దేశించిందో వారు దాన్ని విని ఆనందంగా చప్పట్లు కొట్టలేరు కాబట్టే అంటున్నాం. పరిశ్రమ తన మీద తానే తీసుకున్న చిత్రానికి మొదట చప్పట్లు కొట్టేది మాత్రం పరిశ్రమే.

ఇటువంటి రచనకు మన సాహిత్యంలో ‘నిందాస్తుతి’, అంటే తిడుతున్నట్లే పొగడడం, అన్న మాట సిద్ధంగా ఉంది. ఆలంకారికులు చెప్పిన వ్యాజస్తుతి కూడా ఈ కోవలోనిదే. వ్యాజం అంటే నెపం. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో ఒక సీసపద్యం చూడండి. భూదేవి భార్య కావడంవల్ల నీకు జగత్తును మోసేవాడన్న పేరు వచ్చింది, లక్ష్మి ఇల్లాలు కావడంవల్ల కోరికలు తీర్చేవాడవన్న ఘనత దక్కింది, బ్రహ్మ కొడుకు, గంగ కూతురు కావడంవల్ల మిగిలిన బిరుదులు వచ్చాయి అని శ్రీకాకుళాంధ్రదేవుడైన విష్ణువును వరుసగా దులిపేసి, చివరికి ఇలా అంటాడు:

“ఆండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని
మొదటినుండియు నీవు దామోదరుడవె”

దామోదరుడంటే పొట్టకు తాడు కట్టించుకున్నవాడు. యశోద కట్టిన తాడూ గుర్తుకు వస్తుంది, చేతిలో చిల్లిగవ్వ లేక కడుపు బిగించుకున్న పేదవాడూ కనబడతాడు. నింద ఇంత ఘాటుగా ఉన్నా ఈ పద్యం చదివినవాడికి దేవుడిమీద భక్తి ఒక్క పిసరైనా తగ్గదు, పైగా చనువు పెరుగుతుంది.

సినిమా మీది సినిమా చేసే పనీ ఇదే. కథానాయకుడి సాహసం డూపుది, గొంతు డబ్బింగు కళాకారుడిది, చమత్కారం మాటల రచయితది అని చూపించి నవ్విస్తుంది. బయటికి వచ్చిన ప్రేక్షకుడికి ఆ కథానాయకుడిమీద ముద్దు పెరుగుతుందే కాని తరగదు. 2012లో వచ్చిన ‘సుడిగాడు’ తెలుగు విజయచిత్రాల సన్నివేశాలను వరుసగా అనుకరించింది. మూలసన్నివేశాలను ఇష్టపడి పదేపదే చూసినవారికే అందులోని హాస్యం పూర్తిగా అందుతుంది. కాబట్టి అది అభిమానులు అభిమానులకోసం తీసిన పేరడీ. ఆ పనిలో దానికి రావలసిన మెప్పు రావలసిందే, కాని పరిశ్రమను ఎండగట్టిందనడం అతిశయోక్తి.

ఇంకొక సంగతి నన్ను బాధిస్తుంది. మన చిత్రాల్లో రాయి తరచుగా బలహీనులమీదే పడుతుంది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి ధరించిన ఇల్లాలు సినిమా కథ చెప్పమంటే టైటిళ్ల దగ్గరనుంచి మొదలుపెడుతుంది. జంధ్యాల ఆమెను ప్రేమగానే చూపించారు కాబట్టి ఆ నవ్వు హాయిగా ఉంటుంది. ఆ ప్రేమ లేని చేతుల్లో పడితే సినిమాపిచ్చి పట్టిన ప్రేక్షకుడూ, అవకాశంకోసం తిరిగే కుర్రవాడూ వెర్రివాళ్లుగా మిగులుతారు, డబ్బు పెట్టి పెత్తనం చేసేవారు మాత్రం క్షేమంగా ఉంటారు.

మరొక సభ్యుని ప్రశ్న: మీ వివరణ బాగుందండీ. అయితే లోపలివాళ్లు తీసినది ఏదీ అధిక్షేపం కాలేదంటారా?

సమాధానం: అలా అనను. రాబర్ట్ ఆల్ట్‌మన్ 1992లో హాలీవుడ్ మీద తీసిన ‘ది ప్లేయర్’ నా దృష్టిలో ఆ పేరుకు తగినదే. నిజానికి దానిమీద నాకు మొదట అనుమానమే ఉండేది, ఎందుకంటే పెద్దపెద్ద తారలెందరో తమ పేర్లతోనే అందులో సరదాగా కనిపిస్తారు. అయితే కథ వారిని ముద్దుచేయదు. కథలో తీస్తున్న సినిమాకు తారలు వద్దు, విషాదాంతమే సత్యం అని పట్టుబట్టిన వ్యక్తి, ముందస్తు ప్రదర్శనలో ప్రేక్షకులకు నచ్చలేదన్న ఒక్క కారణంతో, బ్రూస్ విల్లిస్ వచ్చి జూలియా రాబర్ట్స్‌ను ఆఖరి క్షణంలో కాపాడే ముగింపును సంతోషంగా సమర్థిస్తాడు. ఒక రచయితను చంపిన స్టూడియో అధికారికి శిక్ష పడదు సరికదా, చనిపోయినవాడి ప్రియురాలితో సుఖంగా కాపురం చేస్తాడు. ఆ ఇంటి ముందు పూలను చూసి నాకు నవ్వు రాలేదు, కడుపులో దేవినట్లయింది. అక్కడ నింద ఉంది, దాని వెనుక స్తుతి లేదు.

‘వ్యంగ్యం’ అన్న మాటను సెటైరుకు పర్యాయంగా వాడడం గురించి కూడా కొందరు అడిగారు. అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే వ్యంజనవల్ల, అంటే మాటకున్న సూచనాశక్తివల్ల, స్ఫురించే అర్థం మాత్రమే, వెక్కిరింతతో దానికి పని లేదు. వాడుకలో అర్థం మారింది కాబట్టి తప్పనను. సమీక్ష రాసేవారు మాత్రం అనుకరణను పేరడీ అనీ, ముద్దుగా తిట్టినదాన్ని నిందాస్తుతి అనీ రాస్తే, ‘అధిక్షేపం’ నిజంగా అవసరమైననాడు ఆ మాటలో పదును మిగిలి ఉంటుంది.