కలివి కోడి పక్కన చిమ్మటా, దసలి పురుగా?

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లో మా ఆదివారం తెలుగు క్లాసు పిల్లల కోసం రాత్రిపూట తిరిగే ప్రాణుల మీద చార్టు వేస్తున్నామండీ. ఒకవైపు కలివి కోడి అనే అరుదైన పక్షి, ఇంకోవైపు లైటు చుట్టూ తిరిగే మాత్. దీనికి చిమ్మట అని రాయొచ్చా?

జవాబు: రాయొచ్చండీ, వ్యాసాల్లో ఇప్పుడు ఆ మాట నడుస్తోంది. కానీ చాలా ఇళ్లలో చిమ్మట అంటే రాత్రి కీచుమని అరిచే పురుగే. పిల్లలు వెళ్లి అమ్మమ్మని అడిగితే ఆవిడ ఆ అరుపు గురించే చెబుతుంది. అందుకని మాత్‌లన్నిటినీ ఒక్క మాటలోకి తేకుండా దసలి పురుగును తీసుకోండి. దసలి పట్టు ఇచ్చేది అదే. మద్ది ఆకు తిని పెరుగుతుంది. గూడులోంచి రెక్కలతో బయటికొచ్చాక ఇక ఏమీ తినదు, తినడానికి నోరు ఏర్పడదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లోనే చనిపోతుంది.

కలివి కోడి సంగతి వేరు. కలివి పొదల మధ్య నేలమీద పరుగెత్తుతూ పురుగులు ఏరుకు తింటుంది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది, ఇంగ్లీషులో జెర్డాన్ అనే సైనిక వైద్యుడి పేరు పెట్టారు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, అదీ అక్కడివాళ్ల సాయంతోనే. పుస్తకాలు లేదనుకున్న పక్షికి ఊళ్లో పేరుంది! నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. మన చెన్నైకి కృష్ణా నీళ్లిచ్చే తెలుగు గంగ పథకంలో ఒక కాలువ దారిని దీనికోసమే మార్చారని కూడా పిల్లలకి చెప్పండి, వాళ్లు తాగే నీళ్లతో ముడిపడ్డ సంగతి కదా.

ఇంకో జవాబు: దసలి అన్న సలహా బాగుంది మాస్టారూ. పట్టు ఇచ్చింది కాబట్టి ఆ ఒక్కదానికి పేరు నిలిచింది. రోజూ మన ట్యూబులైటు దగ్గర వాలే మిగతావాటిని అందరం ఉత్తి "పురుగు" అనేస్తాం. అరుదైన పక్షికి సొంత పేరుండి, ఇంతగా కనబడేవాటికి లేకపోవడం నాకు బాధగానే ఉంది. చార్టులో కింద కొంచెం ఖాళీ వదలండి. పిల్లలు తమ ఇంట్లో, ఊళ్లో విన్న పేర్లు అక్కడ రాయొచ్చు.

ప్రశ్న అడిగినవారు: దసలి పురుగు అనే రాస్తున్నానండీ, ఖాళీ కూడా వదులుతాను. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లు లైటు పురుగుల్ని ఏమంటారో ఇక్కడ చెబితే అవీ చేరుస్తాం.