మద్యాన్ని ఇంటికి చేరవేసే యాప్ కంపెనీకి విడిగా లైసెన్సు ఉండాలా?

కౌంటర్_వెనుక:
మద్యం దుకాణానికి లైసెన్సు కావాలి. ఆ మద్యాన్ని కొన్నవారి ఇంటికి చేర్చే యాప్ కంపెనీ మాత్రం, ప్రత్యేక నిబంధన లేని చోట, దుకాణం లైసెన్సు నీడలోనే వ్యాపారం చేసుకుంటుంది. ఇది న్యాయమేనా అన్నది నా ప్రశ్న. ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. ఒక రైడర్ మా దుకాణం సీసాలను వయసు చాలని కుర్రవాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ రైడర్‌ను నేను పనిలో పెట్టుకోలేదు, అతడి ముఖమైనా నాకు తెలియదు. అయినా 14 రోజులు మూతపడింది నా దుకాణమే. ఆ 14 రోజులూ ఆ యాప్ నా పేరు పక్కన ‘అందుబాటులో లేదు’ అని రాసి, నా ఖాతాదారులను మరో దుకాణానికి పంపింది.

సెక్షన్_చదువరి:
మీకు జరిగిన నష్టాన్ని కాదనను. కానీ లైసెన్సు అనేది అమ్మకానికి ఇచ్చేది కనుక, అమ్మకం ఎక్కడ జరిగిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లో ఉన్న 2003 నాటి లైసెన్సింగ్ చట్టంలోని 190వ సెక్షన్ దీనికి స్పష్టంగా జవాబిస్తుంది: ఒప్పందం ఒకచోట కుదిరి, ఆ కొనుగోలు కోసం సరుకును మరొకచోట వేరుచేసి పెడితే, అమ్మకం ఆ రెండో చోటే జరిగినట్టు లెక్క. సీసాలను అర నుంచి తీసి సంచిలో పెట్టింది మీరు, కాబట్టి అమ్మినదీ మీరే. తరువాత జరిగేదంతా రవాణా. రవాణాకు కూడా లైసెన్సు కావాలంటే, రేపు ఉత్తరాలు పంచేవారికీ కావాలంటారు.

దారిన_పోయేవాడు:
ఉత్తరం చదివి తూలి పడినవారిని నేనింతవరకు చూడలేదండీ.

గుమ్మం_దగ్గర:
నేను ఈ పని రెండేళ్లు చేశాను. ఒక రాత్రి తలుపు తీసిన మనిషి నిలబడలేక చౌకట్టు పట్టుకుని ఉన్నాడు. గుర్తింపు కార్డు చూపించాడు, వయసుకు లోటేమీ లేదు. కానీ ఆ స్థితిలో ఉన్నవాడికి మరో సీసా ఇవ్వడం తప్పనిపించి, ఇవ్వనని చెప్పాను. తిట్లు తిన్నాను. సీసాలను దుకాణానికి తిరిగి చేర్చడానికి 40 నిమిషాలు పట్టింది, ఆ 40 నిమిషాలకు కంపెనీ నాకేమీ ఇవ్వలేదు. పైగా నా రేటింగ్ పడిపోయింది. మరుసటి వారం అలాంటి తలుపే ఇంకొకటి తెరుచుకుంది. ఆ రోజు ఇచ్చేసి వచ్చాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2021 నుంచి, ఆర్డర్ చేసిన రోజే మద్యం చేరవేసే సేవలకు ప్రత్యేక నిబంధనలున్నాయి. రైడర్ శిక్షణ పొందాలి, మత్తులో ఉన్నవారికి ఇవ్వకూడదు, అలా ఇవ్వనన్నందుకు రైడర్ ఆదాయానికి కోత పడకూడదు. నా దృష్టిలో మిగతా షరతులన్నీ ఒక ఎత్తు, ఈ చివరిది ఒక ఎత్తు.

సెక్షన్_చదువరి:
అవి పనివారి వేతనానికి సంబంధించిన విషయాలు. అమ్మకం ఎక్కడ జరిగిందన్న ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ బదులివ్వలేదని గమనించగలరు.

కౌంటర్_వెనుక:
దుకాణం మూసి ఉన్న రోజుల్లో ఒక న్యాయవాదిని కూర్చోబెట్టుకుని మీరు చెప్పిన చట్టాన్ని నేనూ చదివాను. అందులోనే 151వ సెక్షన్ ఉంది. అమ్మిన మద్యాన్ని 18 ఏళ్లు నిండనివారికి తెలిసి అందించడం నేరమని చెబుతూనే, కొన్నవారు నివసించే చోటనో పనిచేసే చోటనో అందిస్తే అది వర్తించదని మినహాయింపు ఇచ్చింది. అంటే ఏ గుమ్మం గురించి మనం మాట్లాడుకుంటున్నామో, ఆ గుమ్మాన్నే ఆ సెక్షన్ వదిలేసింది. 2003లో చేసిన చట్టం ఈ యాప్‌లను ఊహించలేదు. దాన్ని పట్టుకుని నన్ను దోషిని చేయకండి.

సెక్షన్_చదువరి:
దోషి అనే మాట నేను వాడలేదు. అయితే సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. మీరు ఈ లైసెన్సు కోరుతున్నది పిల్లల క్షేమం కోసమా, చేజారిన ఖాతాదారుల కోసమా?

కౌంటర్_వెనుక:
ఖాతాదారుల కోసమే! చెప్పించుకున్నారుగా, వినండి. ఏ దుకాణం పేరు పైన కనిపించాలో యాప్ నిర్ణయిస్తుంది, ఎవరు ఏ రోజు ఏమి కొన్నారో యాప్ దాచుకుంటుంది, ప్రతి సీసా మీదా కమీషన్ తీసుకుంటుంది. నేను సీసా అందించే చేయిగా మిగిలాను. అమ్మకాన్ని నడిపించేది వారు, శిక్ష పడేది నాకు. టెక్సాస్‌లో 2019లో చేరవేసే కంపెనీల కోసమే ఒక ప్రత్యేక పర్మిట్ తెచ్చారు. తప్పు జరిగితే పోగొట్టుకోవడానికి వారికీ ఒక కాగితం ఉండాలి.

దారిన_పోయేవాడు:
ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం చర్చ తగ్గేది.

గుమ్మం_దగ్గర:
ఆ కాగితం వస్తే నాకు ఒరిగేదేమిటి? కంపెనీ తన లైసెన్సును కాపాడుకోవడానికి, జరిమానాలన్నీ రైడరే భరించాలని ఒప్పందంలో ఒక పేరా కలుపుతుంది. అప్పుడు మీ దుకాణమూ తెరిచే ఉంటుంది, వారి యాప్ కూడా నడుస్తూనే ఉంటుంది, నేనొక్కడినే పోతాను. తలుపు తెరుచుకున్న క్షణంలో మీరిద్దరూ అక్కడ ఉండరు. అందుకే లైసెన్సు ఇవ్వదలిస్తే, ఇవ్వకుండా తిరిగి తెచ్చిన ఆర్డరుకు కూడా రైడర్‌కు పూర్తి డబ్బు చెల్లించాలన్న షరతుతో ఇవ్వాలి.

కౌంటర్_వెనుక:
షరతు మంచిదే. కానీ ఆ డబ్బు నా దగ్గర వసూలు చేస్తామంటే ఒప్పుకోను. తిరిగొచ్చిన సీసా వల్ల ఒక అమ్మకాన్ని నేను అప్పటికే పోగొట్టుకుని ఉంటాను.

గుమ్మం_దగ్గర:
ఇంతసేపూ నా పక్షాన ఉన్నారనుకున్నాను.

సెక్షన్_చదువరి:
ఆ డబ్బు ఎవరు చెల్లించాలో తేలాలంటే, అమ్మకం ఎక్కడ పూర్తయిందో ముందు తేలాలి. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే.